విన్నవాళ్ళ జాబితా

నేను ఎనిమిదో తరగతి రెండేళ్ళు చదివినాను. మొదటి ఏడాది పాఠాలు నాకు అర్థం కాలేదు. రెండో ఏడాది, నాకు అర్థం కావని అయివారికి అర్థమైంది. అక్కడితో ఇద్దరమూ బాగుపడినాము. అట్లాంటి నన్ను మా పాళెంలో ఇంజనీరు అని పిలుస్తారు. ఎందుకంటే నా అంగట్లో ఫోన్లు విప్పే చిన్న స్క్రూడ్రైవరు ఉంది. విప్పినవన్నీ మళ్ళీ బిగించినానా అని మాత్రం అడగొద్దు.

మొన్న ఈ ఇంజనీరు ఫోన్లోనే ఒక వింత జరిగింది. ‘సముద్రం మామ’ అని నేను రాసిపెట్టుకున్న పేరు పక్కన ఎప్పుడూ సముద్రం బొమ్మ ఉండేది. అది పోయి, కొత్త ట్రాక్టరు ముందర దండం పెడుతూ నిలబడిన ఎవరో రైతు బొమ్మ వచ్చింది. చచ్చిపోయిన మనిషి నంబరును కంపెనీ వాళ్ళు ఇంకొకరికి ఇచ్చేసినారు. బొమ్మలో వెనక కనపడే నిమ్మచెట్ల మధ్య ఎక్కడో ఉంటాడు కాబోలు ఆ రైతు. తన నంబరు ఇదివరకు ఎవరిదో ఆయనకు తెలియదు, పాపం. తెలియకపోవడమే మంచిది.

నంబరు తీసేద్దామని వేలు పెట్టినాను. తియ్యలేక, ఇది రాస్తున్నాను. మామ పేరు రాయను. పాళెంలో అందరికీ తెలుసు, బయటివాళ్ళకు అక్కర్లేదు. మామ అంటే చుట్టం కాదు. మైపాడు నుంచి ఒడ్డు వెంట ఉత్తరంగా వస్తే తగిలే మా పాళెంలో ఎవరూ ఎవరికీ పరాయి కాదు, అంతే.

మనిషి పొడుగు, మాట పొట్టి. కుర్రతనంలో ఆయన నడి సముద్రంలో బోటు ఆపించి, తెడ్డు నీళ్ళలోకి దించి, దాని పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడంట. కింద ఏ చేప మందగా పోతోందో ఆ చప్పుడులో తెలిసేదంట. నేనూ ఒకసారి చెవి పెట్టి చూసినాను. నాకు మా నాయన తిట్లు తప్ప ఇంకేమీ వినపడలేదు.

నాకు తెలిసిన మామ వేట మానేసి ఒడ్డున నిలబడే మామ. తెల్లవారకముందే పోయి, గుప్పెడు పొడి ఇసక గాల్లోకి వదిలి, అలలకేసి చూస్తూ కాసేపు నిలబడేవాడు. ఏమీ అనకుండా వెనక్కి తిరిగితే పోవచ్చని. వద్దు అనుకుంటే తెడ్డును తడి ఇసకలో నిలువుగా నాటి, దాని పక్కన గొంతుక్కూర్చునేవాడు. ఆ తెడ్డు దాటి ఎవరూ బోటు తోసేవాళ్ళు కాదు. ఎంత పెద్ద ఓనరైనా “ఇంకెంతసేపు మామా?” అంటూ బీడీ మీద బీడీ కాల్చుకోవాల్సిందే.

“సముద్రాన్ని అడుగు, నన్నడిగితే ఏం లాభం?” అనేవాడు.

మోకాళ్ళు పోయినాయి. ఇసకలో నడిస్తే ఇక మంచమే అని నెల్లూరు డాక్టరు చెప్పినాడు. అప్పుడు కూతురు టచ్ ఫోను కొనిచ్చింది. ఆ ఫోన్లోనే బోట్లవాళ్ళకంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టిచ్చింది నేనే. పద్నాలుగు బోట్లు, పద్నాలుగు మంది, పదిహేనోవాడు మామ. గ్రూపు పెట్టినందుకు నాకు రెండు కిలోల రొయ్యలు ముట్టినాయి. ఇంజనీరు ఫీజు.

మామ ఫోను పట్టుకొనే తీరు చూడాలి. పైగుడ్డ కొసతో ముందొకసారి తుడిచి, అరచేతిలో వెల్లకిలా పెట్టి, నోటికి జానెడు దూరంలో పట్టుకొని, దూరంగా పోయే పడవను పిలిచినట్టు కేక పెట్టేవాడు.

“మెల్లగా మామా! దానికి చెవుడు లేదు.”

“దానికి లేదబ్బయ్యా, దాని అవతల ఉండే మీకు ఉండాది.”

ప్రతి మాటా “వినండబ్బయ్యా” అని మొదలై “ఉంటా మరి” అని ముగిసేది. తన ఫోటో పెట్టుకోలేదు. రోజూ పొద్దున ఇంటి వెనక దిబ్బ ఎక్కి సముద్రాన్ని ఫోటో తీసి, నిన్నటిది తీసేసి ఈ రోజుది పెట్టేవాడు.

“రోజూ ఒకటే సముద్రం గదా మామా, ఎందుకింత పని?”

“నీ పెళ్ళాం మొహం రోజూ ఒకటే మాదిరి ఉంటుందా?”

నిజమే, ఉండదు. నేను రెండు మూడు రకాలే గుర్తుపట్టగలను. అన్నీ కోపమే.

మొదట్లో బాగానే సాగింది. ఆయన మాట పంపితే బొటనవేళ్ళు వచ్చేవి, దండాలు వచ్చేవి. ఎవరో గులాబీలు పంపితే ఆయన నాకు చూపించి మురిసిపోయేవాడు. మంచంలో పడతాడనుకున్న మనిషి నా అంగడి ముందర బెంచీ మీద నిటారుగా కూర్చొని, పోయే వచ్చేవాళ్ళకు గాలి సంగతి చెప్పేవాడు. అత్త, అంటే ఆయన భార్య, నోరు నొక్కుకునేది.

“నలభై ఏండ్లు నాతో మాట్లాడని మాటలన్నీ ఆ డబ్బాతో మాట్లాడుతుండాడబ్బయ్యా. దానికి తాళి ఒకటే తక్కువ.”

తర్వాత గ్రూపు అన్ని గ్రూపుల మాదిరే అయిపోయింది. సినిమా ముక్కలు, కోడి పందేలు, దేవుడి బొమ్మలు, పదిమందికి పంపకపోతే కీడని బెదిరించేవి. మామ మాట వీటి కింద పడి నలిగిపోయేది. బొటనవేళ్ళు ఆగిపోయినాయి. కొందరు గ్రూపును మ్యూట్‌లో పెట్టి నోరు నొక్కేసినారు.

ఒకరోజు బెంచీ మీద కూర్చొని అడిగినాడు. “అబ్బయ్యా, నా మాట పోతుండాదా?”

“పోతుండాది మామా. రెండు గీతలు పడినాయి గదా.”

“గీతలు పడినాయిలే. విన్నారా?”

ఆ రోజు నాకు పని లేదు. పని లేనప్పుడు నాకు పుణ్యం చెయ్యాలనిపిస్తుంది. “నీ మాట మీద వేలు పెట్టి అట్నే నొక్కిపట్టు మామా. ఇదిగో, ఇక్కడ చూడు. ఎవరు విన్నారో, ఎన్ని గంటలకు విన్నారో, పేర్లతో సహా ఉంటుంది” అని చూపించినాను.

పద్నాలుగు మందిలో ముగ్గురు విన్నారు. పరీక్ష పోయినోళ్ళ మొహం ఎట్లా ఉంటుందో నాకు అద్దంలో చూసి తెలుసు. మామ మొహం అట్లా అయింది.

ఆ మరుసటి రోజు నుంచి ఆయనకు వేరే పని లేదు. మాట పంపడం, జాబితా చూడటం. మళ్ళీ చూడటం. అన్నం ముందర పెట్టుకొని చూడటం. పేరు రానివాళ్ళ ఇండ్లకు కాలీడ్చుకుంటూ పోయి వాకిట్లో నిలబడేవాడు. “ఏం అబ్బయ్యా, నీ పేరు రాలేదు?” అని. కొందరు సరే సరే అన్నారు. కొందరు ఆయన వస్తుంటే పెరటి తలుపులో నుంచి పోయినారు. ఒకడు మొహం మీదే అన్నాడు.

“తుఫానొస్తే ఫోనుకి గవర్నమెంటే పంపుతుండాది మామా. నువ్వెందుకు ఆయాసపడతావు?”

“తుఫాను గవర్నమెంటుదబ్బయ్యా. ఒడ్డు మనది” అన్నాడు మామ.

పేర్లు రాని రోజున, సముద్రం బాగలేదనిపిస్తే, డాక్టరు మాట పక్కనపెట్టి ఒడ్డుకు పోయి తెడ్డు నాటేవాడు. అప్పుడు మాత్రం ఆగేవాళ్ళు. ఫోన్లో మాటనైతే వేలితో పైకి తోసెయ్యొచ్చు. ఎదురుగా ముసలాయన ఇసకలో కూర్చొనుంటే దాటిపోవడానికి ఎంత మొండోడికైనా సిగ్గేస్తుంది. కానీ అట్లా పోయిన ప్రతిసారీ మోకాలు బానలా వాచేది. బీపీ మాత్ర ఒకటి పోయి రెండైంది. “నిద్ర లేదబ్బయ్యా, లేచి లేచి ఆ పేర్లు చూసుకుంటుండాడు. ఏం నేర్పించినావో ఏమో” అని అత్త నా అంగడి ముందర కూలబడి ఏడ్చింది.

అప్పుడు నేను రెండో పుణ్యం చేసినాను.

మా అంగట్లో పద్నాలుగు గూళ్ళ చెక్కపెట్టె ఉంది. ఉప్పు నీళ్ళకు టచ్ ఫోన్లు చస్తాయని, వేటకు పోయేవాళ్ళు వాటిని నా దగ్గర చార్జింగుకు పెట్టి, బోటుకొక బటన్ల ఫోను మాత్రం తీసుకొని పోయేవాళ్ళు. ఫోన్లు గూళ్ళలో పెట్టి, పక్కన టీ తాగి, ఒడ్డుకు పోయి వలలు సర్దుకొని బోటు తొయ్యడానికి అరగంట పట్టేది. మామ మాట సరిగ్గా ఆ అరగంటలోనే వచ్చేది. ఇక ఫోన్లకు తాళాలంటారా, ఆ తాళాలు వేసిచ్చిందే నేను.

మొదట ఊరికే ఒక ఫోన్లో మామ మాట మీద నొక్కినాను. ఆ రోజు మామ వచ్చి “ఈ పొద్దు నాలుగు పేర్లబ్బయ్యా!” అన్నాడు, నాలుగు కోట్లు దొరికినట్టు. మరుసటి రోజు గూళ్ళలో ఉన్న అన్నిట్లోనూ నొక్కినాను. ఇడ్లీ పాత్రలో ప్లేట్లు దించినట్టు ఒకటి తర్వాత ఒకటి. అన్ని ఫోన్లలోనూ మామ ఒకేసారి అరిస్తే టీ తాగేవాళ్ళు నవ్వుతారని సౌండు పూర్తిగా తగ్గించేవాణ్ణి.

మామ మళ్ళీ మనిషైనాడు. అన్నం తిన్నాడు. ఒడ్డుకు పోవడం, ఇండ్ల వెంట పోవడం మానేసినాడు. మోకాలి వాపు తగ్గింది. “ఇప్పుడు కొట్లాడటం లేదబ్బయ్యా మీ మామ” అని అత్త నాకు చేపల పులుసు పంపింది. సిగ్గు లేకుండా తిన్నాను. పైగా ముక్కలు తక్కువేసినావని ఎగతాళి చేసినాను.

కార్తీకం వెళ్ళినాక ఒకరోజు తెల్లవారుజామున మామూలుగానే పదకొండు ఫోన్లు గూళ్ళలోకి వచ్చినాయి. మామ మాట వచ్చింది. పదకొండూ నొక్కినాను. మిరపకాయ బజ్జీల గురించి టీకొట్టాయనతో ఏదో జోకు వేస్తూ నొక్కినాను. ఆ జోకు ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ రాయను.

అరగంటకు ఒడ్డున కేకలు. మొదట తోసిన బోటు అల విరిగేచోట నిలువునా లేచి బోర్లా పడింది. నలుగురిలో ముగ్గురు ఈదుకొని వచ్చినారు. నాలుగోవాడు ఆ బోటాయన తమ్ముడే. ఎండెక్కినాక రెండు మైళ్ళు దక్షిణంగా దొరికినాడు. ఇద్దరు పిల్లలు అతనికి.

అప్పుడు అంగట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసి, సౌండు పెట్టి విన్నాను.

“వినండబ్బయ్యా. ఈ పొద్దు ఒడ్డలల చప్పుడు మారింది. ఇంట్లోకే వినపడుతుండాది. పొద్దెక్కిందాకా ఎవురూ బోటు తొయ్యొద్దు. మీ పేర్లు రాకపోతే నేనే వచ్చి తెడ్డు నాటతా. ఉంటా మరి.”

పేర్లు వచ్చినాయి. అందుకని మామ రాలేదు.

మూడో రోజు చిన్నదినం. కర్మ అయినాక వలల పాక కింద పెద్దమనుషులు కూర్చున్నారు. మామ లేచి, బోటాయన వైపు చూసి అడిగినాడు. “నా మాట విన్నావు గదబ్బయ్యా. నీ పేరు చూసినాను నేను. విని గూడా ఎందుకు తోసినావు?”

ఫోను చూపించమని ఎవరూ అడగలేదు. ఆయన మాట చాలు వాళ్ళకు.

బోటాయన నెత్తి కొట్టుకున్నాడు. “మా అమ్మ మీద ఒట్టు మామా, నేను వినలేదు!”

చనిపోయినవాని భార్య లేచింది. “పెద్దాయన వద్దన్నా తీసకపొయ్యి చంపినావు బావా. నీ తమ్ముణ్ణి నువ్వే చంపినావు” అంది. ఆ మాటకు ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ఇద్దరు ముగ్గురు బోటాయన మీదికి పోయినారు. రేపు తేల్చుదామని పెద్దమనుషులు లేచినారు.

నేను మూడో వరసలో నిలబడి ఉన్నాను. నాకు చావింట్లో కూడా మాట ఆగదని పేరు. ఆ రోజు ఆగింది.

పొద్దు గుంకే వేళకు మామ ఇంటికి పోయినాను. అత్త నీళ్ళకు పోయింది. మామ మంచం మీద మోకాలికి గుడ్డ చుట్టుకొని ఉన్నాడు. చెప్పినాను. గూళ్ళు, తాళాలు, నొక్కడం, అన్నీ చెప్పినాను. సౌండు సంగతి ఒక్కటే చెప్పలేదు.

కొడతాడనుకున్నాను. కొట్టుంటే బాగుండేది.

“ఎప్పుటి నుంచి?” అన్నాడు.

“వినాయక చవితి నుంచి మామా.”

వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. “కానాగంత చేపలు దగ్గరికొచ్చినాయి, సన్న వలలు తీసకపొమ్మని చెప్పినానే. పొయినారు గదా?”

“వాళ్ళంతట వాళ్ళే పొయినారు మామా.”

“మునిగిన బోటు ఉండాది, ఆ పక్క వలలు చిరుగుతాయంటినే. పేర్లన్నీ వచ్చినాయే.”

“నేనే మామా.”

“చిన్న మనవరాలు పుట్టిందని చెప్పినా.”

నేను ఆయన మోకాలి గుడ్డ కొస సర్దినాను.

“అదీ నువ్వేనా?”

“నేనే.”

ఆయన గోడ వైపు చూసినాడు. తర్వాత నా చెయ్యి మీద చెయ్యేసి అన్నాడు. “పోనీలే. నువ్వొక్కడివన్నా విన్నావు గదా.”

నేను తల ఊపినాను.

నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలు ఒక బోటుకు సరిపోతాయి. ఆ తల ఊపడం ఒక్కటే బరువు.

ఆయన ఫోను నా చేతిలో పెట్టి “దీంట్లో ఉండేదంతా తుడిచెయ్యి” అన్నాడు. తుడిచినాను. మరుసటి రోజు పొద్దున పాక కింద అందరూ చేరినాక, తెడ్డు ఊతంగా పట్టుకొని వచ్చి నిలబడినాడు. బోటాయన వైపు చెయ్యి చూపి, నేను ఎప్పుడూ వినని చిన్న గొంతుతో చెప్పినాడు. “ఈ అబ్బయ్య తప్పు లేదు. నా కండ్లు మసక. పేరు తప్పు చదివినాను. వినలేదని తెలిస్తే నేను ఒడ్డుకు పోవాల్సింది. పోలా. ఈ చావు నాది.”

నన్ను చూడలేదు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

చనిపోయినవాని భార్య పిడికెడు ఇసక తీసి ఆయన మొహాన కొట్టింది. తుడుచుకోలేదు. “కండ్లు పోయినోడికి ఫోనెందుకు, పెత్తనం ఎందుకు?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. బోటాయన ఏడుస్తూ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నేను అప్పుడన్నా నోరు తెరవాల్సింది. మూడో వరస నుంచి నాలుగో వరసకు జరిగినాను.

ఆ తర్వాత మామ గాలి గురించి ఎవరికీ చెప్పలేదు. ఒడ్డు వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. తెడ్డును పెరట్లో రెండు గుంజల మధ్య కట్టి అత్త గుడ్డలారేసుకొనేదానికి ఇచ్చేసినాడు. పలకరింపుకు ఎవరన్నా “సముద్రం ఎట్లుంది మామా?” అంటే “ఫోన్లో చూసుకోండబ్బయ్యా” అనేవాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే చెప్పేవాడు. నా అంగడి ముందర బెంచీ మీదికి మళ్ళీ రాలేదు.

మళ్ళీ వానలు మొదలుకాకముందే పోయినాడు. జ్వరం అన్నారు. గ్రూపులో ఎవరో ఆయన బొమ్మకు దండ వేసి పెట్టినారు. పద్నాలుగు దండాలు వచ్చినాయి, పది నిమిషాల్లో. ఆ రోజు నేను ఎవరి ఫోనూ ముట్టలేదు.

పెద్దదినం అయి, చుట్టాలంతా పోయినాక, అత్త దగ్గరికి పోయినాను. పెరట్లో తెడ్డు మీద ఆరిన గుడ్డలు తీస్తోంది. అన్నీ చెప్పినాను. ఈసారి సౌండు సంగతి కూడా చెప్పినాను. ఆమె గుడ్డలు మడతపెట్టడం ఆపలేదు.

“ఆయన అదంతా అప్పుడే చెప్పినాడులే. నువ్వు విన్నావని గూడా చెప్పినాడు” అంది.

“వినలేదత్తా. ఆయన సంతోషంగా ఉండాలనే అట్లా చేసినాను.”

ఆమె చేతిలో గుడ్డ అట్లాగే పట్టుకొని నా వైపు తిరిగింది.

“సంతోషపెట్టాలనుకున్నోడివి, ఒక్క రోజన్నా ఇనుండొచ్చు గదరా. నిమిషం గూడా ఉండదే ఆయన మాట.”